మోకు తెగేది బలం చాలక కాదు

తెరచాప పడవలు కట్టేసి ఉండే రేవులో ఎవరిదైనా హాల్యార్డ్ తెగిందంటే చాలు, చుట్టూ చేరిన నలుగురి నోటా ఒకే మాట వస్తుంది. "పాతదైపోయి బలం తగ్గింది. ఈసారి డైనీమా పోగుల తాడు వెయ్యి, ఇక తెగదు." తాళ్ల దుకాణంలోనూ అదే పాట. చుట్ట మీద అంటించిన చీటీలో ఆ తాడు ఎన్ని కిలోల దగ్గర తెగుతుందో లావుపాటి అంకెల్లో ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే తాడు అంత గొప్పదని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. నేనూ నమ్మి డబ్బు పోసుకున్నాను. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల డబ్బు పోతే పోయింది, మనుషుల ప్రాణాల మీదికి వస్తోంది. అందుకే రాస్తున్నాను.

హాల్యార్డ్ అంటే తెరచాపను పైకి లాగే మోకు. దాని దారి తెలిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. ఒక కొస కొక్కెంతో తెరచాప తలకు తగిలించి ఉంటుంది. అక్కడినుంచి పడవ స్తంభమైన మాస్టు కొనకు వెళ్లి, కప్పీ మీద వెనక్కి తిరిగి, మాస్టు బోలులోంచి కిందికి దిగుతుంది. అడుగున ఇంకో కప్పీ చుట్టి, డెక్ మీదుగా పడవ నడిపేవాళ్ల దగ్గరికి వస్తుంది. అక్కడ దాన్ని పళ్లతో పట్టి ఉంచే క్లచ్, దాని వెనక మోకును చుట్టి బిగించే వించి. (హుస్సేన్ సాగర్ మీద లేజర్ పడవ నడిపి ఊరుకున్నవాళ్లకు ఈ గొడవ తెలియదు. దాని తెరచాపను మాస్టుకు చొక్కా చేయిలా తొడిగేస్తారు, హాల్యార్డే ఉండదు.)

ఈ దారి నాకు పడవ ఎక్కకముందే తెలుసు. కోనసీమలో మా అమ్మమ్మగారి పెరట్లో నుయ్యి ఉండేది. చేంతాడు ఎక్కడ పోతుందో ఆ ఇంట్లో పదేళ్ల పిల్లలకీ తెలుసు. బొక్కెన ముడి దగ్గర ఒకటి, నిండు బొక్కెన నీళ్లలోంచి లేచేటప్పుడు గిలక మీద ఆనే చోట ఒకటి. మిగతా బారలన్నీ కొత్తదానిలాగే ఉండేవి. అమ్మమ్మ నలిగిన మూర కోయించి, ముడి మళ్లీ వేయించేది. కొన్నాళ్లకు తాడు తిప్పించి, ఆ కొసను ఈ కొస చేయించేది. పీచు మరీ తొందరగా లేస్తుంటే తాడును చూసేది కాదు, గిలకను చూసేది. "గిలక తిరగట్లేదురా, కాస్త ఆముదం వెయ్యి" అనేది. బజారుకెళ్లి ఇంకా లావు తాడు తెమ్మని ఆవిడ ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 27 అడుగుల పడవ మీద సాధారణంగా వేసేది 10 మిల్లీమీటర్ల పాలియెస్టర్ అల్లిక తాడు. కొత్తగా ఉన్నప్పుడు అది రెండు టన్నులు దాటాక గానీ తెగదు. అంత పడవకు మెయిన్ తెరచాప మోకు మీద పడే లాగుడు కొన్ని వందల కిలోలు. ఎండా ఉప్పూ కలిసి ఆ తాడు బలంలో సగం తినేశాయనే అనుకుందాం. ఇంకా టన్ను మిగిలే ఉంది. మరి తెగింది ఎందుకు?

తెగిన కొసను చేతిలోకి తీసుకుంటే అదే చెబుతుంది. బలం చాలక తెగిన తాడైతే దాని పొడవునా ఎక్కడైనా తెగాలి. హాల్యార్డ్ అలా తెగదు. తెరచాప పూర్తిగా ఎత్తినప్పుడు మాస్టు కొన కప్పీ మీద ఉండే నాలుగైదు అంగుళాల దగ్గర తెగుతుంది. లేదా కొక్కెం ముడి దగ్గర, లేదా క్లచ్ పళ్ల కింద. నేను చూసిన తెగిన హాల్యార్డ్‌లు అన్నీ ఈ మూడు చోట్లలో ఒకచోట పోయినవే. గంటల తరబడి ఒకే అంగుళం ఒకే అంచు మీద ఆని, పడవ ఊగిన ప్రతిసారీ వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఒరుసుకుంటుంది. ఒక్కో పోగూ తెగుతూ పోతుంది. చివరికి మిగిలిన పోగులు మోయలేని రోజున మనం "బలం చాల్లేదు" అంటాం.

నా సంగతి చెబుతాను. నా పడవ శాన్ ఫ్రాన్సిస్కో బేలో, అలమీడా వైపు రేవులో ఉంటుంది. వేసవి మధ్యాహ్నాల్లో గోల్డెన్ గేట్ సందులోంచి 20, 25 నాట్ల గాలి లోపలికి తోసుకొస్తుంది. 2013 జూలైలో అల్కట్రాజ్ దాటి ఏంజెల్ ఐలండ్ వైపు వెళుతుండగా మెయిన్ హాల్యార్డ్ తెగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తెరచాప మాస్టు వెంట జరజరా జారి నా భుజాల మీద పడింది. కొక్కేనికి జానెడు ముక్క వేలాడుతోంది, మిగతా మోకు మాస్టు లోపలికి దిగిపోయింది.

ఊళ్లో ఒక దుకాణంలో అడిగితే, నేను పైన రాసిన మాటే చెప్పారు. లోపల డైనీమా గుజ్జు ఉన్న 8 మిల్లీమీటర్ల తాడు, పాత తాడుకు రెట్టింపు బలం, ధర ఇంచుమించు మూడింతలు. కొన్నాను. ముడి వేయకుండా, కొసను తాడులోకే కలిపి కొక్కేనికి వాళ్లే కుచ్చు అల్లి ఇచ్చారు. రెండో వేసవి గడిచేసరికి, పాతది తెగిన చోటే, కొక్కేనికి సరిగ్గా జానెడు దూరంలో, పై అల్లిక చిరిగి లోపలి తెల్లటి గుజ్జు బయటపడింది. మళ్లీ దుకాణానికి వెళితే ఇంకా గట్టి రకం ఉందన్నారు. పైకెక్కి కప్పీ చూశావా అని ఒక్కరూ అడగలేదు. నాకు కోపం తెప్పించింది అదే, ఈ రోజుకీ తగ్గలేదు.

2015 వసంతంలో నేనే మాస్టు ఎక్కాను. కొనకు చేరి, కప్పీ మీంచి మోకు పక్కకు జరిపి చూస్తే, అల్యూమినియం కప్పీ గాడి అడుగున సన్నటి వి ఆకారపు కోత ఉంది. అది వైరు కోసం చేసిన గాడి. గాడి ఒక పెదవి మీద చిన్న చిన్న పళ్లు లేచి ఉన్నాయి. బొటనవేలి గోరు దాని మీద రాస్తే గోరు మీద తెల్లటి గీతపడి పొడి రాలింది. వేలితో తిప్పబోతే కప్పీ కదల్లేదు. ఇరుసుకూ కప్పీకీ మధ్య బూడిదరంగు తుప్పు గట్టిపడి, చక్రం ఎప్పుడో బిగుసుకుపోయింది. ఏళ్ల తరబడి నా మోకు గిలక మీద తిరగడం లేదు, ఆకురాయి మీద రుద్దుకుంటోంది. దాని మీద నాలుగు టన్నుల తాడు పెట్టినా, పది టన్నుల తాడు పెట్టినా అరగడమే.

ఇది నా ఒక్కడి పడవ జబ్బు కాదు. 1970లలో, 80లలో కట్టిన ఫైబర్ పడవల్లో చాలావాటికి హాల్యార్డ్ సగం స్టీలు వైరు, సగం తాడు. తెరచాప వైపు వైరు, చేత్తో పట్టుకునే వైపు తాడు. అప్పట్లో అది మంచి ఆలోచనే, సాగని తాడు దొరికేది కాదు. తర్వాత వైరు పోగులు తెగి చేతులు గీరుకుపోతున్నాయని అందరూ వైరు తీసేసి మొత్తం తాడు వేశారు. తీసేసిన వైరు తన గుర్తు కప్పీలో వదిలి వెళ్లింది. సన్నటి గాడిలో లావు తాడు నొక్కుకుపోతుంది, గరుకు పెదవి దాన్ని కొరుకుతుంది. ఇంకా సన్నటి తాడు వేస్తే కప్పీకీ దాని పక్క రేకుకూ మధ్య సందులోకి దూరి ఇరుక్కుంటుంది. తాడుకు తగిన గుండ్రటి గాడి కావాలి, చక్రం వ్యాసం తాడు మందానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉండాలి, అది వేలితో తోస్తే తిరగాలి. గుండ్రటి గాడి ఉన్న డెల్రిన్ ప్లాస్టిక్ కప్పీ, కొత్త ఇరుసు కలిపి నాకైన ఖర్చు డైనీమా తాడు ఖరీదులో ఐదోవంతు లేదు.

డైనీమాను నిందించడం నా ఉద్దేశం కాదు. నెదర్లాండ్స్‌లో డీఎస్ఎం కంపెనీ పరిశోధకులు కనిపెట్టిన ఆ పోగు అద్భుతమైనది. నీళ్లమీద తేలుతుంది, సాగదు, బరువుతో పోల్చి చూస్తే స్టీలును మించిన బలం. కానీ దుకాణంలో అమ్మే హాల్యార్డ్ తాడులో ఆ పోగు ఉన్నది లోపలి గుజ్జులో. పైన కనబడే అల్లిక, కప్పీ మీద ఒరిసేది, క్లచ్ పళ్లు పట్టేది, చాలా తాళ్లలో పాత పాలియెస్టరే. బలమంతా లోపల, దెబ్బలన్నీ పైన. పై అల్లిక నలిగితే క్లచ్ దాన్ని పట్టుకుంటుంది గానీ, లోపలి నున్నటి గుజ్జు జారిపోతుంది. 10 మిల్లీమీటర్ల తాడుకు అమర్చిన క్లచ్‌లో 8 మిల్లీమీటర్ల తాడు పెడితే అది మొదటి రోజు నుంచే జారుతుంది, జారిన ప్రతిసారీ వేడెక్కుతుంది. పాలియెస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి, డైనీమాకు 150 దరిదాపులు చాలు. చీటీ మీది అంకెలో ఇవేవీ ఉండవు.

"సాగడం మాటేమిటి?" అని అడిగేవాళ్లున్నారు. ఇది సరైన ప్రశ్న, వాళ్ల పక్షంలో ఉన్న బలమైన వాదన ఇదొక్కటే. తెరచాప ఎత్తాక మాస్టు కొన నుంచి క్లచ్ దాకా పన్నెండు మీటర్ల మోకు ఉందనుకోండి. ఒక శాతం సాగినా పన్నెండు సెంటీమీటర్లు. ముందంచు సడలుతుంది, తెరచాప పొట్ట వెనక్కి జరుగుతుంది, పడవ పక్కకు ఒరిగినంతగా ముందుకు నడవదు. పందేల్లో దిగేవాళ్లకు ఇది గెలుపోటముల తేడా. ముందువైపు చుట్టుకునే జిబ్ తెరచాపను నెలల తరబడి ఎత్తి ఉంచేవాళ్లకు కూడా సాగని మోకే మేలు. వాళ్లు వేసుకోవాల్సిందే. కానీ ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదితో తిరిగొచ్చే పడవ మీద పదిహేనేళ్ల నాటి డాక్రాన్ తెరచాప ఉంటుంది. ఆ గుడ్డే మోకు కంటే ఎక్కువ సాగి పొట్టలు పోసి ఉంటుంది. దానికి సాగని హాల్యార్డ్ కట్టి ఏం లాభం? గాలి పెరిగినప్పుడు వించి మీద ఇంకో అర చుట్టు తిప్పితే సరిపోయే పనికి మూడింతలు ధర పెట్టిస్తున్నారు.

రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్‌లో బయలుదేరి, 312 రోజులు ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా భూమిని చుట్టి 1969 ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. ఆయన పడవ 'సుహైలి' మన బొంబాయిలో టేకుతో కట్టింది. అప్పటికి డైనీమా పుట్టనే లేదు. ఆ తరం నావికులకు, వాళ్లకంటే ముందు పెద్ద ఓడల మీద పనిచేసినవాళ్లకు ఒక రోజువారీ అలవాటుండేది. దూరప్రయాణంలో మోకును పూటపూటకీ కాస్త వదలడమో బిగించడమో చేసేవారు, కప్పీ మీద ఆనే చోటు మారేలా. ఒరిపిడిని ఆపలేమని వాళ్లకు తెలుసు. అది ఒకే చోట పడకుండా పంచారు.

మనకూ అదే మార్గం, ఇంకా సులువుగా. మోకు కొనేటప్పుడు రెండు మీటర్లు ఎక్కువ కొనాలి. ఏటా ఒకసారి తెరచాప వైపు కొస జానెడు కోసి ముడి మళ్లీ వేయాలి. కప్పీ మీద ఆనేది నాలుగైదు అంగుళాలే కనక, జానెడు కోస్తే ఆ చోటు పూర్తిగా పక్కకు పోతుంది. ముడి చోటు కొత్తదవుతుంది, క్లచ్ కొరికే చోటూ అంతే దూరం జరుగుతుంది. ఒక్క కోతతో మూడు గాయాలూ మారిపోయాయి. రెండు మూడేళ్లకొకసారి తాడు మొత్తం తిప్పెయ్యాలి. ఏటా చలికాలంలో తీసి తొట్టిలో మంచినీళ్లలో నానబెడితే అల్లికలో చేరిన ఉప్పు రవ్వలు కరిగిపోతాయి.

ఇక్కడ దుకాణంవాళ్లు ఇంకో అభ్యంతరం చెబుతారు. ముడి వేస్తే తాడు బలంలో మూడోవంతు పైగా పోతుంది, కుచ్చు అల్లితే దాదాపు పూర్తి బలం ఉంటుంది, అందుకని అల్లికే మంచిదని. ఆ లెక్క నిజమే. బల్ల మీద పెట్టి లాగితే అల్లిక గెలుస్తుంది. కానీ అల్లిన కొసను ఎవరు కోస్తారు? ఎండకు బిరుసెక్కిన పాత తాడును మళ్లీ అల్లడం మంచి పనివాడికే కష్టం. అందుకే అల్లిక వేయించుకున్నవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోరు, ఒకే చోట ఒరిపిడి పడుతూనే ఉంటుంది. రెండు టన్నుల తాడులో ముడివల్ల ముప్పావు టన్ను పోయినా నా పడవకు మిగిలింది చాలు. చీటీ మీద బలహీనమైన ముడి నా మోకుకు ఆయుష్షు పోసింది. కాకపోతే చిన్న ముడి వెయ్యాలి, పెద్ద ముడి కప్పీకి తగిలి తెరచాపను పూర్తిగా ఎక్కనివ్వదు.

మోకు మార్చడం దగ్గరా బలం పిచ్చి ఇంతే. మంచి తాడుకు మూడు వందల డాలర్లు పోసినవాళ్లు, పాతదాని కొసనూ కొత్తదాని కొసనూ టేపు చుట్టి అతికించి లాగేస్తారు. గట్టి టేపట, జిగురు గొప్పదట. ఆ అతుకు ఎక్కాల్సింది పదకొండు మీటర్ల పైకి, తిరగాల్సింది కప్పీ మీద సగం చుట్టు. అక్కడ వంగినప్పుడు టేపు లోపల తాళ్లు జారతాయి, అతుకు విడిపోతుంది. కొత్త మోకు మీ ముందు పడుతుంది, పాతది మాస్టు లోపల పడుతుంది. ఇక ఒకరు పైకెక్కి, సన్నటి దారానికి సీసపు గుండ్లో సైకిలు గొలుసు ముక్కో కట్టి మాస్టు బోలులోకి వదలాలి. అది లైట్ల తీగలకూ ఇతర మోకులకూ చుట్టుకోకుండా దిగాలి, కింద ఇంకొకరు వంచిన కమ్మీతో దాన్ని పట్టి బయటికి లాగాలి. ఒక పూట పోతుంది. ఇదంతా పది నిమిషాల కుట్టుతో తప్పుతుంది.

చేయాల్సిన విధం ఇది. పాత మోకు కొక్కెం కోసేసి, ఆ కొసకు కొత్త మోకు ఉత్త కొసను ఎదురెదురుగా ఆనించాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మైనం పట్టించిన గట్టి దారంతో సూది ఈ కొసలోంచి ఆ కొసలోకి ఎనిమిది పది సార్లు దూర్చి కుట్టాలి. దారం ఒక్కోసారి లాగుతుంటే రెండు కొసలూ దగ్గరికి వచ్చి ముద్దు పెట్టుకున్నట్టు కూర్చుంటాయి. దాని మీద టేపు ఒక్క పొర, నున్నగా ఉండటానికి మాత్రమే. చేతివేళ్ల మధ్య వంచి చూడాలి, తాడు వంగినట్టే అతుకూ వంగాలి. అప్పుడు ఒకరు కొత్తదాన్ని ముందు నుంచి వదులుతూ ఉండగా ఇంకొకరు క్లచ్ వైపు నుంచి పాతదాన్ని మెల్లగా లాగాలి. బిగుసుకుంటే బలం చూపించకూడదు, ఒక మూర వెనక్కి వదిలి మళ్లీ లాగాలి. కొత్తది చేతికి అందగానే దాని తోక కొసకు ఎనిమిది అంకె ముడి వెయ్యాలి, లేకపోతే గాలిలో అది తిరిగి పైకి పాకిపోతుంది.

జిబ్ వైపు ఒక మాట చెప్పి వదిలేస్తాను. చుట్టుకునే జిబ్ ఉన్న పడవలో హాల్యార్డ్ మాస్టును ముందువైపు పట్టి ఉంచే తీగకు మరీ దగ్గరగా సమాంతరంగా ఉంటే, తెరచాప చుట్టేటప్పుడు మోకు కూడా ఆ తీగకు చుట్టుకుంటుంది. ఏడు నుంచి పది డిగ్రీల ఎడం కావాలి. అది లేనిచోట బలమైన మోకు వేసి వించితో గట్టిగా లాగితే తెగేది మోకు కాదు, మాస్టును నిలబెట్టిన ఆ తీగ. ఇక్కడ బలం నేరుగా శత్రువు.

ప్రాణాల మాట మొదట్లో అన్నాను. మాస్టు పైకి మనిషిని ఎక్కించేది ఈ హాల్యార్డ్‌తోనే. గుడ్డ కుర్చీలో కూర్చోబెట్టి, వించి తిప్పి, ముప్పై అయిదు అడుగుల ఎత్తుకు లాగుతారు. డైనీమా వేసిన పడవల మీద నేను చూసిన ధీమా భయం పుట్టిస్తుంది. "నాలుగు టన్నులు మోస్తుంది, నువ్వు ఎనభై కిలోలు, ఎక్కు" అంటారు. నాలుగు టన్నులు మోసేది కొత్త తాడు. కప్పీ దగ్గర చిరిగిన చోట ఎన్ని పోగులు మిగిలాయో కింద నిలబడ్డవాళ్లకు కనబడదు. అందుకే ఎక్కేముందు మోకు పూర్తి పొడవు చేత్తో తడిమి చూడాలి, పై కొస దగ్గర మరీ ముఖ్యంగా. కుర్చీని కొక్కేనికి తగిలించకుండా మోకును నేరుగా దాని కమ్మీలకు కట్టాలి. రెండో హాల్యార్డ్‌ను నడుము పట్టీకి కట్టి, రెండో మనిషి దాన్ని లాగుతూ రావాలి. పనిముట్లకు తాళ్లు కట్టాలి, కింద ఎవరినీ నిలబడనివ్వకూడదు. నేను ఆ రోజు ఎక్కింది జిబ్ హాల్యార్డ్ మీద, తోడు స్పినకర్ తెరచాప హాల్యార్డ్. అనుమానం ఉన్న మెయిన్ మోకు మీద ఒక్క కిలో బరువు పెట్టలేదు.

కాబట్టి ఈ ఏడు మీ హాల్యార్డ్ మార్చాలనుకుంటే, దుకాణానికి వెళ్లేముందు పైకెక్కండి, లేదా ఎక్కగలిగిన నమ్మకస్తుణ్ని ఎక్కించండి. కప్పీని వేలితో తిప్పి చూడండి, గాడిలో గోరు పెట్టి రాయండి. పాత మోకు ఎక్కడ నలిగిందో కొలిచి రాసుకోండి. అది మాస్టు కొన దగ్గరో క్లచ్ దగ్గరో తేలాకే తాడు మాట ఎత్తండి.

డైనీమా తీసేసి 2015లో నేను వేసింది 10 మిల్లీమీటర్ల మామూలు పాలియెస్టర్, రెండు మీటర్లు ఎక్కువ కొన్నాను. ఇప్పటికి ఆరుసార్లు జానెడు చొప్పున కోశాను. మోకు అదే. తోక వైపు ఇంకా ముప్పావు మీటరు మిగిలి ఉంది.